తేనెటీగ ప్రాణం ఇచ్చేది బంధువుల కోసమా, గుంపు కోసమా?

తేనెపట్టు

కూలి ఈగ (పట్టు పనులు చేసే ఆడ తేనెటీగ) ఒక జంతువును కుట్టినప్పుడు దాని ముల్లుకున్న కొక్కేలు చర్మంలో ఇరుక్కుంటాయి. ఈగ విడిపించుకుని ఎగరబోతే విషపు తిత్తితో పాటు పొట్ట చివరి భాగం ఊడి వచ్చేస్తుంది. కొంతసేపటికి ఈగ చచ్చిపోతుంది. దానికి పిల్లలు లేరు. మరి ఈ గుణం తరం నుంచి తరానికి ఎలా అందింది?

ఒకచోట చదివితే, అది తన తల్లినీ తోబుట్టువులనూ కాపాడుతోంది, వాటిలోనూ తన జన్యువులే ఉన్నాయి కాబట్టి ఇది బంధు వరణం (చుట్టాల ద్వారా జరిగే ప్రకృతి ఎంపిక) అన్నారు. ఇంకోచోట, ఇలాంటి ఈగలున్న పట్టు బతుకుతుంది, లేని పట్టు నాశనమవుతుంది కాబట్టి ఇది సమూహ వరణం అన్నారు. ఇద్దరూ అవతలి మాట తప్పన్నట్టే రాశారు. నాకైతే రెండూ ఒప్పులాగే అనిపిస్తున్నాయి. ఇవి నిజంగా పోటీ సిద్ధాంతాలేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

చీమలబారు

మంచి ప్రశ్న వేశారు. కొంచెం చరిత్ర చెప్పక తప్పదు, ఎందుకంటే "సమూహ వరణం" పేరుతో రెండు వేర్వేరు వాదనలు నడిచాయి, వాటిని కలిపేస్తే గందరగోళం మొదలవుతుంది.

సంతానం లేని కూలి చీమల సంగతి డార్విన్‌ను బాగా ఇబ్బంది పెట్టింది. 1859 పుస్తకంలో ఆయన చెప్పిన పరిష్కారం, వరణం ఒక్క జీవి మీదే కాదు, కుటుంబం మీద కూడా పనిచేయగలదని. ఆ తర్వాత చాలాకాలం జీవశాస్త్రంలో "జాతి మేలు కోసం" అన్న మాట ఎవరికి తోచినట్టు వాళ్లు వాడేశారు. 1962లో విన్-ఎడ్వర్డ్స్ దాన్ని పూర్తి సిద్ధాంతంగా రాశాడు: జంతువులు తమ సంఖ్యను తామే అంచనా వేసుకుని, తిండి అయిపోకుండా పిల్లల్ని తగ్గించుకుంటాయని.

1966లో జార్జ్ విలియమ్స్ దీన్ని నిలదీశాడు. అందరూ తగ్గించుకుంటున్న గుంపులో ఒక్కటి తగ్గించుకోకపోతే దాని పిల్లలే ఎక్కువవుతాయి. కొన్ని తరాలకు ఆ నిగ్రహం గుంపులోంచి మాయమవుతుంది. గుంపులు పుట్టి గిట్టే వేగం, గుంపు లోపల జీవులు పుట్టి గిట్టే వేగంతో సాధారణంగా పోటీపడలేదు. పక్షులు తక్కువ గుడ్లు పెట్టడం కూడా నిగ్రహం కాదని డేవిడ్ లాక్ అప్పటికే చూపించాడు. ఎక్కువ పెడితే మేపలేక, చివరికి బతికే పిల్లలు తగ్గుతాయి.

ఈ పాత రూపం ఓడిపోయింది, ఓడిపోవాల్సిందే. ఇప్పుడు సమూహ వరణం అనేవాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఇది కాదు.

అంకెలగూడు

బంధు వరణం వైపు లెక్క నేను చెబుతాను. 1964లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ ఇచ్చిన షరతు: సాయం వల్ల అవతలి జీవికి కలిగే లాభాన్ని బంధుత్వ గుణకంతో (చుట్టరికం వల్ల రెండు జీవులు ఎంత భాగం జన్యువులు పంచుకుంటాయో చెప్పే సంఖ్య) గుణిస్తే వచ్చేది, సాయం చేసే జీవికయ్యే నష్టం కంటే ఎక్కువ కావాలి. అప్పుడే సాయం చేయించే జన్యువు పెరుగుతుంది. లాభనష్టాలను సంతానంలో కొలుస్తాం. "బంధు వరణం" అన్న పేరు అదే ఏడాది మేనార్డ్ స్మిత్ పెట్టాడు.

చీమలు, తేనెటీగలు, కందిరీగల్లో మగవి ఫలదీకరణం కాని గుడ్డు నుంచి పుడతాయి, వాటికి ఒక్క వరుస క్రోమోజోములే. కాబట్టి ఒకే తండ్రికి పుట్టిన అక్కచెల్లెళ్లు తండ్రి వైపు జన్యువులన్నీ ఒకేలా పంచుకుంటారు. వాళ్ల మధ్య గుణకం 3/4. సొంత కూతురితో 1/2 మాత్రమే. చూడగానే "అందుకే చెల్లెళ్లను పెంచుతున్నాయి" అనిపిస్తుంది. చాలా పాఠాలు ఇక్కడే ఆగిపోతాయి, అదే నాకు బాధ. అదే అక్కకు తమ్ముడితో గుణకం 1/4. తల్లి ఆడ, మగ పిల్లలను సమానంగా కంటే సగటు మళ్లీ 1/2కే వస్తుంది. పైగా చెదపురుగుల్లో మగా ఆడా రెండింటికీ రెండేసి వరుసలు, అయినా వాటిలోనూ కూలీలున్నాయి. పుట్టుక పద్ధతి ఇదే అయినా ఒంటరిగా బతికే కందిరీగ జాతులు వేలకొద్దీ ఉన్నాయి. 3/4 కథ ఒక్కటే దేన్నీ వివరించదు.

తేనెపట్టు

అంకెలగూడు గారూ, తేనెటీగ రాణి చాలా మగ ఈగలతో జతకడుతుందని విన్నాను. అలాంటప్పుడు ఒకే పట్టులోని ఈగల్లో ఎక్కువ భాగం సవతి అక్కచెల్లెళ్లే కదా? గుణకం ఇంకా పడిపోవాలి. అయినా త్యాగం తగ్గలేదే? బంధు వరణానికి ఇది ఎదురుదెబ్బ కాదా?

అంకెలగూడు

గుణకం పడిపోయే మాట నిజం. మగవన్నీ సమానంగా పంచుకున్నాయనుకుంటే అక్కచెల్లెళ్ల సగటు గుణకం = 1/4 + 1/(2 × మగ ఈగల సంఖ్య). పదింటితో జతకడితే 0.30.

దీని నుంచి ఒక ఊహ పుడుతుంది. కూలి ఈగలు జతకట్టకపోయినా మగ గుడ్లు పెట్టగలవు. ఒక కూలి ఈగకు తన సొంత కొడుకుతో గుణకం 1/2, రాణి కొడుకుతో (అంటే తమ్ముడితో) 1/4. వేరే కూలి ఈగ కొడుకుతోనో? అక్కచెల్లెళ్ల సగటులో సగం, అంటే 0.15. కాబట్టి తానైతే గుడ్డు పెట్టాలి, పక్క ఈగను మాత్రం పెట్టనివ్వకూడదు. రాణి రెండు కంటే ఎక్కువ మగవాటితో జతకట్టిన ప్రతి పట్టులోనూ లెక్క ఇలాగే తేలుతుంది. 1988లో రాట్నీక్స్ ఇది కాగితం మీద చూపించాడు. మరుసటి ఏడాది విషర్‌తో కలిసి పట్టులో చూస్తే, కూలి ఈగలు తోటి కూలీల గుడ్లను వెతికి మరీ తినేస్తున్నాయి, రాణి గుడ్లను వదిలేస్తున్నాయి. రాణి ఉన్న పట్టులో పెరిగి పెద్దయ్యే మగ ఈగల్లో కూలీల కొడుకులు వెయ్యికి ఒకటి దాకా మాత్రమే.

అంటే తేనెపట్టులో కనిపించే ఐకమత్యంలో కొంత భాగం నిఘా వల్ల వచ్చింది. గుడ్డు పెట్టినా దక్కదని తేలినప్పుడు పెట్టే ప్రయత్నమే తగ్గుతుంది. పలు కందిరీగ జాతులను, తేనెటీగను పోల్చినప్పుడు కూడా నిఘా గట్టిగా ఉన్నచోట గుడ్లు పెట్టే కూలీలు తక్కువని తేలింది. రాణి చనిపోయాక నిఘా ఉండదు కదా, అప్పుడు లెక్క మారుతుంది: అక్కచెల్లెళ్ల గుణకం ఎక్కువున్న జాతుల్లో నిగ్రహం ఎక్కువ. హామిల్టన్ షరతు చెప్పేది కూడా ఇదే.

చీమలబారు

తేనెపట్టు గారి ప్రశ్నకు రెండో సగం జవాబు. ఇప్పుడు రాణి చాలా మగవాటితో జతకడుతోంది కానీ, మొదట్లో అలా కాదు. 2008లో హ్యూస్, ఆయన సహచరులు చీమలు, తేనెటీగలు, కందిరీగల వంశవృక్షాలను వెనక్కి చదివారు. కూలి వర్గం పుట్టిన వంశాలన్నింటిలోనూ ఆ మలుపు దగ్గర ఒక రాణి ఒకే మగదానితో జతకట్టినట్టే కనిపించింది. చాలా మగవాటితో జతకట్టడం తర్వాత వచ్చింది, అప్పటికే కూలీలు వెనక్కి వెళ్లలేని స్థితిలో ఉన్నాయి. చెదపురుగుల్లో కూడా ఒక రాజు, ఒక రాణి జంటగా గూడు మొదలుపెట్టడమే మామూలు. తల్లి జీవితాంతం ఒకే మగదానితో ఉంటే తోబుట్టువుల సగటు గుణకం, సొంత పిల్లల గుణకం రెండూ 1/2. అప్పుడు చిన్న లాభం కూడా త్రాసును ఇంట్లో ఉండి సాయం చేయడం వైపు మొగ్గేలా చేస్తుంది.

కలివిడి

ఇంతసేపూ ఒకవైపే నడిచింది కాబట్టి నేను రెండోవైపు నిలబడతాను. నిజంగానే నమ్మి నిలబడుతున్నాను.

మీరు గుణకం గుణకం అంటూ గుంపును కంటికి కనబడకుండా చేస్తున్నారు. విలియమ్ మ్యూర్ 1996లో ప్రచురించిన కోళ్ల ప్రయోగం చూడండి. బోనులో చాలా కోళ్లను కలిపి ఉంచితే పొడుచుకుని చస్తాయి. ఎక్కువ గుడ్లు పెట్టే కోడిని విడిగా ఎంచుకుంటూ పోతే, పక్కవాటిని పొడిచి తిండి దక్కించుకునే కోడినే ఎంచుకునే ప్రమాదం ఉంది. ఆయన ఏ ఒక్క కోడినీ ఎంచుకోలేదు. బోను మొత్తం ఎలా ఉందో చూసి, బాగున్న బోనులను తర్వాతి తరానికి తీసుకున్నాడు. రెండో తరంలో 68 శాతంగా ఉన్న ఏడాది మరణాలు నాలుగో తరానికి 9 శాతం లోపుకు వచ్చాయి. ఇది సమూహ వరణం కాకపోతే ఇంకేమిటి? అంతకు ముందే 1970 దశకంలో మైకేల్ వేడ్ పిండి పురుగుల గుంపులను గుంపులుగా ఎంచి, కొద్ది తరాల్లోనే వాటి సంఖ్యలో పెద్ద తేడా తెచ్చాడు.

2007లో డేవిడ్ స్లోన్ విల్సన్, ఎడ్వర్డ్ విల్సన్ కలిసి రాసింది క్లుప్తంగా ఇదే: గుంపు లోపల స్వార్థం గెలుస్తుంది, గుంపుల మధ్య పరార్థం (పక్కవాటి మేలు చూసే గుణం) ఉన్న గుంపు గెలుస్తుంది. రెండు శక్తుల్లో ఏది ఎక్కువైతే అటు కదలిక. తేనెటీగ ప్రాణం ఇచ్చినప్పుడు పట్టు లోపల దానికి నష్టం, పట్టుల మధ్య పోటీలో లాభం. కారణం ఎక్కడుందో ఇది నేరుగా చూపిస్తుంది. కేప్ తేనెటీగ సంగతి తెలుసా? దక్షిణాఫ్రికా కొసన ఉండే ఈ రకంలో కూలీలు జతకట్టకుండానే ఆడపిల్లల్ని కనగలవు. 1990 ప్రాంతంలో వీటిని ఉత్తరాన వేరే రకం ఈగలున్న చోటికి తీసుకెళ్లారు. ఒకే ఒక్క కూలి ఈగ సంతతి పరాయి పట్టుల్లోకి చొరబడి, పని చేయకుండా గుడ్లు పెడుతూ, పట్టు వెనక పట్టును కూల్చేసింది. గుంపు లోపలి వరణం గుంపును ఎలా చంపుతుందో ఇంతకంటే బాగా ఏది చెబుతుంది?

పొద్దుతిరుగుడు

చదువుతున్నకొద్దీ నాకు టెన్షన్ పెరుగుతోంది. ఇద్దరి ఉదాహరణలూ బలంగానే ఉన్నాయి. కలివిడి గారు చెప్పిన "లోపల స్వార్థం గెలుస్తుంది, అయినా మొత్తంగా పరార్థం పెరుగుతుంది" అన్నది మాత్రం నాకు ఎక్కడం లేదు. ప్రతి గుంపులోనూ తగ్గేది మొత్తంలో ఎలా పెరుగుతుంది?

అంకెలగూడు

చిన్న ఊహాత్మక లెక్క చూడండి.

మొదటి గుంపు: 100 జీవులు, 90 సాయపడేవి, 10 స్వార్థపరులు. రెండో గుంపు: 100 జీవులు, 10 సాయపడేవి, 90 స్వార్థపరులు. మొత్తంలో సాయపడేవి సరిగ్గా 50 శాతం.

సాయం ఎక్కువున్న మొదటి గుంపు 1000కి పెరిగింది, కానీ లోపల సాయపడేవి 85 శాతానికి తగ్గాయి: 850. రెండోది 150కే పెరిగింది, లోపల 6 శాతానికి తగ్గాయి: 9. ఇప్పుడు మొత్తం 1150లో 859, అంటే దాదాపు 75 శాతం. రెండు గుంపుల్లోనూ తగ్గింది, మొత్తంలో పెరిగింది. 2009లో చువాంగ్ బృందం బ్యాక్టీరియాతో దీన్ని నిజంగానే చేసి చూపించింది.

అయితే ఆ గుంపులను అలాగే వదిలేస్తే కథ ఇక్కడితో అయిపోదు. తరం తర్వాత తరం లోపలి తగ్గుదల కొనసాగి చివరికి రెండింటిలోనూ స్వార్థమే మిగులుతుంది. మధ్యలో గుంపులు చెదిరి మళ్లీ ఏర్పడాలి, మళ్లీ ఏర్పడేటప్పుడు కూడా ఒకదానిలో 90, ఇంకోదానిలో 10 లాంటి తేడా రావాలి. అందర్నీ కలిపి గుడ్డిగా పెద్ద గుంపులు చేస్తే ప్రతిదానిలోనూ సగటు శాతమే పడుతుంది, గుంపుల మధ్య తేడా దాదాపు పోతుంది. మరి తేడా ఎక్కడి నుంచి వస్తుంది? ప్రకృతిలో మామూలు జవాబు: ఒకే తల్లి పిల్లలు ఒకేచోట ఉండిపోవడం.

ఇప్పుడు అసలు విషయం. గుంపుల మధ్య తేడా మొత్తం తేడాలో ఎంత భాగం అని కొలిస్తే వచ్చే సంఖ్యే, గుంపు సభ్యుల బంధుత్వ గుణకం. జార్జ్ ప్రైస్ 1970లో ఇచ్చిన సమీకరణం, 1972లో దాని విస్తరణ ఈ దారి తెరిచాయి. మొత్తం మార్పును గుంపుల మధ్య మార్పు, గుంపు లోపలి మార్పు అని విడగొట్టడం దానితోనే కుదిరింది. దాన్ని వాడి సమూహ వరణాన్ని లెక్కగట్టిన మొదటివాళ్లలో హామిల్టన్ ఒకడు, 1975లో. బంధు వరణానికి పునాది వేసిన మనిషే! ఈ ముక్క తెలిశాక నాకు ఈ గొడవలో సగం వేడి అనవసరం అనిపించింది.

పొద్దుతిరుగుడు

ఇప్పుడు అర్థమైంది, చాలా థాంక్స్ అండీ. కానీ రెండూ ఒకే లెక్క అయితే 2010లో అంత పెద్ద రగడ ఎందుకు జరిగింది?

చీమలబారు

2010లో నోవాక్, టార్నిటా, ఎడ్వర్డ్ విల్సన్ నేచర్ పత్రికలో రాసింది "రెండూ ఒకటే" అని కాదు. బంధుత్వ లెక్క అక్కర్లేదు, దానితో కొత్తగా తెలిసింది పెద్దగా లేదు అన్నారు. మరుసటి ఏడాది 137 మంది శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టి అదే పత్రికలో జవాబిచ్చారు. వాళ్ల కోపానికి కారణం ఉంది. ఆడ, మగ పిల్లల నిష్పత్తి, కూలీల నిఘా, ఎవరు ఎవరికి సాయపడతారన్నది, ఇలా బంధుత్వ గుణకం నుంచి ముందే ఊహించి తర్వాత కొలిచి చూసిన ఫలితాలు డజన్లకొద్దీ ఉన్నాయి. పాల్ షెర్మన్ 1977లో నేల ఉడుతల మీద చేసిన పని ఒక్కటి చాలు: శత్రువు వస్తే అరిచి హెచ్చరించేవి ముఖ్యంగా ఆడవి, అందులోనూ పక్కన చుట్టాలున్నవి. మగవి పెద్దయ్యాక పుట్టిన చోటు వదిలి వెళ్లిపోతాయి, అంతగా అరవవు.

కలివిడి గారూ, మీ కోళ్ల ఉదాహరణలో ఒక వివరం చూడాలి. ఆ బోనుల్లో పెట్టింది ఏవో కోళ్లను కాదు, ఒకే పుంజుకు పుట్టిన పిల్లలను. బోనును ఎంచడమంటే కుటుంబాన్ని ఎంచడమే. కేప్ తేనెటీగ కూడా అంతే. చొరబడిన ఈగలు తమలో తాము దాదాపు నకళ్లు, ఆ పట్టు ఈగలతో మాత్రం దగ్గరి చుట్టరికం లేనివి. మీరు చెప్పిన "లోపలి స్వార్థం" సరిగ్గా బంధుత్వం తెగిన చోటే పుట్టింది.

కలివిడి

చీమలబారు గారూ, కుటుంబం అన్నది నిజమే, దాన్ని నేను కాదనడం లేదు. కానీ అవే కుటుంబాల నుంచి విడిగా కోడిని ఎంచి ఉంటే మరణాలు అలా తగ్గేవా? బోను స్థాయిలో ఎంపిక జరగడం వల్లే కోడి తన పక్కదాని మీద చూపే ప్రభావం లెక్కలోకి వచ్చింది. బంధుత్వం గుంపుల మధ్య తేడాను ఇచ్చింది, గెలుపోటములు మాత్రం గుంపుకే జరిగాయి. రెండు లెక్కలూ ఒకే మొత్తం చూపినా, ఏది దేనికి కారణమో అడిగే హక్కు మనకుంది.

ఇంకో మాట. మంట చీమల్లో జీపీ-9 అనే జన్యువు సంగతి 1998లో బయటపడింది. ఆ జన్యువు ఒక రూపం ఉన్న కూలీలు, ఆ రూపం లేని రాణులను గుడ్లు పెట్టడం మొదలుపెట్టగానే చంపేస్తాయి. రాణి చుట్టమా కాదా అని చూడవు, ఆ ఒక్క జన్యువు ఉందా లేదా అనే చూస్తాయి. ఇక్కడ కుటుంబం ఏది?

అంకెలగూడు

మంచి ఉదాహరణ, కానీ అది హామిల్టన్ ఊహించిన సంగతే. గుణకం అంటే వంశవృక్షంలో దూరం అనుకుంటున్నాం. నిజానికి అది, సాయం అందుకునే జీవిలో ఆ జన్యువు ఉండే అవకాశం జనాభా సగటు కంటే ఎంత ఎక్కువ అన్న కొలత. చుట్టరికం దానికి మామూలు దారి, ఒకే దారి కాదు. అవతలి జీవిలో ఆ జన్యువు ఉందని ఏదో గుర్తును బట్టి పోల్చుకునే దారి అరుదు, ఎందుకంటే ఆ గుర్తును మోస్తూ సాయం చేయని రకం పుడితే మొత్తం కూలుతుంది.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. చుట్టాలు పక్కనుంటే చాలు, సాయం పుడుతుందని అనుకోకూడదు. 1992లో పీటర్ టేలర్ చూపించింది: జీవులు పుట్టిన చోటే ఉండిపోతే చుట్టాలు దగ్గరవుతారు, తిండికీ చోటుకూ పోటీపడేదీ ఆ చుట్టాలే. ఆయన సాదా నమూనాలో ఈ రెండూ ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకుంటాయి. అత్తిపండు కందిరీగల మగవి అందుకు సాక్ష్యం. కొన్ని జాతుల్లో పండు లోపల అన్నదమ్ములతో కూడా ప్రాణాలు పోయేదాకా కొట్లాడతాయి. జాతులను పోల్చి చూస్తే కొట్లాట తీవ్రతకూ బంధుత్వానికీ పొంతన లేదు. పోటీ ఎక్కడ జరుగుతోందన్నది అడగకుండా గుణకం ఒక్కటే పట్టుకుంటే తప్పుదారి పడతాం. ఈ విషయంలో గుంపుల లెక్క వేసేవాళ్లు పోటీ ఏ స్థాయిలో అన్న ప్రశ్నను మొదటే అడుగుతారు, అది వాళ్ల బలం.

రేవుదారి

చర్చ బాగుంది. మనుషుల సంగతి కూడా చెప్పండి. మనం ముక్కూమొహం తెలియనివాళ్లకు సాయం చేస్తాం. అది సమూహ వరణమే కదా?

చీమలబారు

తొందరపడకూడదు. పక్కపక్క తెగల మధ్య పెళ్లిళ్లు, వలసలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి జన్యువుల్లో తేడా తక్కువగా ఉంటుంది. అంకెలగూడు గారు చెప్పిన ప్రకారం తేడా లేకపోతే గుంపుల మధ్య వరణానికి పట్టు దొరకదు. ఆచారాలు, కట్టుబాట్ల విషయం వేరు. వలస వచ్చినవాళ్లు కొత్తచోటి అలవాట్లు నేర్చుకుంటారు, తప్పినవాళ్లకు శిక్ష పడుతుంది, అందువల్ల గుంపుల మధ్య తేడా నిలుస్తుంది. బోయిడ్, రిచర్సన్‌ల వాదన ఈ దారిలోదే. ఇది నేర్చుకున్న ప్రవర్తన మీద వరణం, జన్యువుల మీద కాదు. దానికితోడు ఇచ్చిపుచ్చుకోవడం గురించి ట్రివర్స్ 1971లో చెప్పింది, పేరు చెడుతుందన్న భయం, అన్నీ కలుస్తాయి. దీనికి విడిగా ఒక చర్చ పెట్టడం మంచిది.

తేనెపట్టు

అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు నా ప్రశ్న కొంచెం మారింది. బంధుత్వం ముందా, గుంపు ముందా అని కాకుండా, బంధుత్వాన్ని కావాలని తగ్గించి ఏమవుతుందో చూసిన ప్రయోగం ఏదైనా ఉందా? ఈగల్లో అది ఏళ్లు పడుతుంది కదా.

అంకెలగూడు

ఉంది, మట్టిలో బతికే డిక్టియోస్టీలియం అనే అమీబాతో. తిండి అయిపోతే వేల కణాలు ఒకచోట చేరి ఒక కాడ, దాని కొనన చిన్న ఉండ కడతాయి. సుమారు 20 శాతం కణాలు కాడగా మారి చచ్చిపోతాయి, మిగతావి కొనన సిద్ధబీజాలై (విత్తనాల్లా తట్టుకుని నిలిచే కణాలై) కొత్తచోటికి చేరతాయి. ప్రకృతిలో ఒక్కో కాడలోని కణాలు దాదాపు అన్నీ ఒకే కణం సంతతి.

2011లో ప్రచురించిన ప్రయోగంలో తరతరానికీ కణాలను బాగా కలిపేసి, కాడ కట్టేటప్పుడు పక్క కణం చుట్టం కాకుండా చేశారు. అలా నడిచిన వంశాల్లో కాడలో వాటా తగ్గించుకుని కొనలో ఎక్కువ చోటు దక్కించుకునే మోసగాళ్లు పుట్టి పెరిగాయి. వాటిలో చాలా రకాలను విడిగా పెంచి చూస్తే అసలు కాడే కట్టలేకపోయాయి.

కలివిడి

అంటే కలపడం వల్ల గుంపుల మధ్య తేడా పోయి, లోపలి వరణం ఒక్కటే మిగిలింది. నేనైతే ఇలా రాస్తాను.

చీమలబారు

నేను గుణకం పడిపోయింది అని రాస్తాను. ఇద్దరం కొలవాల్సింది మాత్రం ఒక్కటే, అడవి మట్టిలో ఒక చిటికెడులో ఎన్ని వంశాల కణాలు కలిసి ఉంటాయి, అవి ఒకే కాడలో చేరడం ఎంత తరచుగా జరుగుతుంది అని. మోసగాళ్లకు ప్రకృతిలో చోటు దొరుకుతుందా లేదా అన్నది ఆ కలయిక మీదే ఆధారపడి ఉంది.